సాఫ్టువేరు చందాలు: సీట్ల లెక్క, బిల్లు పరిశీలనము

(సంఘ పంచాయతుదారులకును, కార్యదర్శులకును, గుమాస్తాలకును ఉద్దేశింపబడిన పాఠము)

సహకార సంఘపు ధనము పలువురు కర్షకుల చెమటచే సమకూడినది. ఎరువుల గిడ్డంగిలో ఒక బస్తా తగ్గినచో పంచాయతుదారులు వెంటనే గుమాస్తాను సంజాయిషీ యడుగుదురు. ధాన్యపు కాటాలో తేడా కనబడినచో సభ్యులు సర్వసభ్య సమావేశమున లేచి ప్రశ్నింతురు. కాని నెలనెలకు బ్యాంకు ఖాతానుండి తనంతట తానే తఱుగుచుండు సాఫ్టువేరు చందాను గూర్చి ప్రశ్నించువారు అరుదు. ఏలయన, ఆ సరుకు కంటికి కనబడదు. దాని బిల్లు కాగితముపై గాక ఈ-మెయిలులో వచ్చును. అందలి పదములు మనకు క్రొత్తవి. తెలియని ఖర్చు ఎన్నడును చిన్న ఖర్చు కాదు. కావున ఆ బిల్లును చదువు విధమును, సీట్లను లెక్కలో నుంచు పద్ధతిని ఈ పాఠమున వివరించుచున్నాము.

కంప్యూటరుతో పని లేని సంఘము నేడు లేదనియే చెప్పవచ్చును. 2022 జూన్ 29వ తేదీని కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించినది. ఆ పథకమున ఉమ్మడి సాఫ్టువేరు నబార్డు ఆధ్వర్యమున ఏర్పడినది. దాని సంగతి వేఱు. ఈ-మెయిలు, లెక్కల పట్టికలు, దస్త్రముల నిలువ, దుకాణపు బిల్లులు మొదలగు పనులకై సంఘములును, రైతు ఉత్పత్తిదారుల సంస్థలును, పాల సంఘములును తమంతట తాము తీసికొను చందాలను గూర్చియే యిచ్చట ప్రసంగము.

1. క్రయము పోయి కౌలు వచ్చినది

హైదరాబాదునకు పడమట మాదాపూర్‌లో 1998 నవంబరు 22వ తేదీని నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. ఆ యేటనే మైక్రోసాఫ్టు సంస్థ తన భారతీయాభివృద్ధి కేంద్రమును హైదరాబాదున నెలకొల్పినది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థయు ఆ యేడే వెలసినది. ఆ విద్యాసంస్థవారు 2004లో ‘ఈ-సాగు’ అను పేర వరంగల్లు ప్రాంతపు పత్తిరైతులకు చేల ఛాయాచిత్రముల నాధారముగ గొని సలహాలిచ్చు ప్రయత్నమును చేసిరి. గుట్టలును, మెట్టచేలును గల మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రామ్‌గూడ గ్రామములు క్రమక్రమముగ హైటెక్ సిటీ యనియు, సైబరాబాదనియు పేరొందిన మహానగర భాగములయ్యెను.

ఆ భవనములు లేచుచున్న దినములలో సాఫ్టువేరు వస్తువువలె విక్రయింపబడుచుండెను. ఒకసారి వెలయిచ్చి పెట్టె కొన్నచో కంప్యూటరు పాడగువఱకు వాడుకొనవచ్చును. 1999లో అమెరికాలో పుట్టిన సేల్స్‌ఫోర్స్ సంస్థ ఆ పద్ధతిని విడిచి, తలకింత, నెలకింత యని వసూలు చేయసాగెను. మైక్రోసాఫ్టు 2011 జూన్‌లో ఆఫీస్ 365 అను చందాను ప్రవేశపెట్టెను. అడోబీ సంస్థ తన ప్రధాన సాధనముల క్రొత్త సంచికలను పెట్టెలుగ విక్రయించుట 2013లో మాని చందా మార్గమునే పట్టెను. ఈ సంస్థలలో పెక్కింటికి నేడు హైదరాబాదున పెద్ద కార్యాలయములు గలవు.

ఈ మార్పు కర్షకునకు సులభముగ బోధపడును. పూర్వపు పద్ధతి భూమిని క్రయమునకు పుచ్చుకొనుట వంటిది. నేటి పద్ధతి కౌలు వంటిది. కౌలునకు లాభములు గలవు. ఆరంభమున పెద్ద మొత్తము అక్కఱలేదు, మరమ్మతులు యజమానివి, అవసరము తీరినపిమ్మట విడువవచ్చును. నష్టములును గలవు. ఎన్నేండ్లు చెల్లించినను వస్తువు మనది కాదు. చెల్లింపు నిలిచినచో వాడుకయు నిలుచును. గడువు తీరినపుడు ధర పెంచు హక్కు యజమానికి గలదు. కౌలుపత్రమును చదువకుండ చేనిలో దిగు రైతు ఉండడు. చందా ఒడంబడిక యెడల మాత్రము మనమేల అశ్రద్ధ చేయవలెను?

2. సీటు అన నేమి?

చందాలను లెక్కించు కొలమానమునకే సీటని పేరు. ఒక మనిషి తన పేరను, తన రహస్యపదముతో ఒక సాఫ్టువేరును వాడుటకు గల అనుమతియే ఒక సీటు. పన్నెండుగురు ఉద్యోగులకు అనుమతి కావలెనన్నచో పన్నెండు సీట్లు కొనవలెను. సీటునకు ధర గాని, ఆ సీటులో కూర్చున్నవాడు చేసిన పనికి ధర కాదు. కౌలునకు పుచ్చుకొన్న చేను బీడువడినను కౌలు చెల్లింపక తప్పదు గదా! అట్లే ఖాళీ సీటునకును చందా చెల్లింపవలసినదే.

అన్ని సాఫ్టువేరులును సీట్లచొప్పున అమ్మబడవు. మన దుకాణములలో మిక్కిలి వాడుకలోనున్న ట్యాలీ ప్రైమ్ నందు సిల్వర్ అను రకము ఒక కంప్యూటరునకును, గోల్డ్ అను రకము ఒక కార్యాలయపు అంతర్జాలిలోని పెక్కు కంప్యూటరులకును వర్తించును. కావున ఏ సరుకైనను కొనుటకు ముందు “ఈ ధర మనిషికా, యంత్రమునకా, కార్యాలయమునకా?” యని అడిగి తెలిసికొనవలెను.

మఱియొక భ్రమ తొలగవలెను. సంఘమున వాటా వేఱు, చందాలో సీటు వేఱు. వాటాదారునకు యాజమాన్యమును, ఓటును గలవు. సీటు గలవానికి వాడుక మాత్రమే గలదు. అదియు సంఘము అనుమతించినంత కాలమే.

3. బిల్లును చదువు విధము

చందా బిల్లు వచ్చినపుడు మొత్తమును చూచి చెల్లించుట తగదు. ఈ యాఱు అంశములను వరుసగ పరీక్షింపవలెను:

(అ) చందా పేరును, శ్రేణియును. ఒకే సాఫ్టువేరునకు చౌక శ్రేణియు, ఖరీదు శ్రేణియు నుండును. ఈ-మెయిలు మాత్రమే చూచుకొను కాపలాదారునకు గణకుని శ్రేణి యక్కఱలేదు.

(ఆ) బిల్లు ఏ కాలమునకు? కొన్ని సంస్థలు రాబోవు నెలకు ముందుగ వసూలు చేయును. కొన్ని గడచిన నెలకు పిదప వసూలు చేయును.

(ఇ) సీట్ల సంఖ్య. ఇది సంఘపు ఉద్యోగుల పట్టీతో సరిపోవుచున్నదా?

(ఈ) సీటు ఒక్కింటికి ధర. ఒడంబడికనాటి ధరయేనా?

(ఉ) నడిమాసపు సర్దుబాట్లు.

(ఊ) పన్ను, సంఘపు జీఎస్టీ సంఖ్య, తరువాతి పునరుద్ధరణ తేది.

ఉదాహరణమునకు ఒక సంఘమునకు 12 సీట్లు గలవనియు, సీటునకు నెలకు 500 రూపాయలనియు అనుకొందము. (ఇది లెక్క నేర్చుకొనుటకై కల్పించిన ధర.) చందా 6,000 రూపాయలు. నూటికి 18 వంతున జీఎస్టీ 1,080 రూపాయలు. నెల బిల్లు 7,080 రూపాయలు. సంవత్సరమునకు 84,960 రూపాయలు. “నెలకు అయిదువందలే గదా” యను మాటకు మోసపోక, ఏ చందానైనను సీట్లతోను, పండ్రెండు నెలలతోను గుణించి, పన్ను కలిపి, ఆ మొత్తమునే పంచాయతుదారుల యెదుట నుంచవలెను.

4. నడిమాసమున చేర్చిన సీట్లు

పైసంఘమువారు ధాన్యపు కొనుగోలు కేంద్రమును తెఱచి, 30 దినముల నెలలో 11వ తేదీని మఱి 3 సీట్లను చేర్చిరనుకొందము. 11 మొదలు 30 వఱకు 20 దినములు. కావున చేర్చిన సీట్లకు ఆ నెల చెల్లింపవలసినది: 3 × 500 × 20 ÷ 30 = 1,000 రూపాయలు.

ఈ మొత్తమును కొందఱు వెంటనే వసూలు చేయుదురు. కొందఱు తరువాతి బిల్లులో కలుపుదురు. రెండవ విధమైనచో, ముందుగ వసూలు చేయు చందాలో తరువాతి బిల్లు ఇట్లుండును: 15 సీట్లకు 7,500, గడచిన నెల చేర్పునకు 1,000, మొత్తము 8,500, జీఎస్టీ 1,530, వెరసి 10,030 రూపాయలు. 7,080 రూపాయల బిల్లు ఒక్కసారిగ 10,030 అయినదని గాబరాపడనక్కఱలేదు. ఆ మఱునెల అది 7,500 పై పన్నుతో 8,850 రూపాయలకు దిగవలెను. దిగనిచో అప్పుడు అడుగవలెను. సీట్లు చేర్చిన తేదీని వ్రాసియుంచుకొనని సంఘమునకు మాత్రము ఈ లెక్క తప్పో, ఒప్పో తెలిసికొను మార్గము లేదు.

5. సాలు ఒడంబడికయా, నెల ఒడంబడికయా?

సాధారణముగ సాలు ఒడంబడికలో ధర తక్కువ, స్వేచ్ఛ తక్కువ. నెల ఒడంబడికలో ధర యెక్కువ, స్వేచ్ఛ యెక్కువ. మైక్రోసాఫ్టు 2022లో ప్రవేశపెట్టిన విక్రయ నిబంధనల ప్రకారము నెల ఒడంబడిక ధర సాలు ధరకంటె నూటికి 20 వంతులు హెచ్చు. సాలు ఒడంబడికలో సీట్లను ఎప్పుడైనను పెంచవచ్చును. తగ్గించుటకు మాత్రము మొదటి 7 దినములలోనే వీలు. ఆపైన పునరుద్ధరణ తేదివఱకు ఆగవలెను. 2025 ఏప్రిల్ నుండి సాలు ఒడంబడిక చేసికొని నెలనెల చెల్లించువారికి ధర నూటికి 5 వంతులు హెచ్చినది. గూగుల్ వర్క్‌స్పేస్ నందును సాలు పద్ధతిలో సీట్లను పెంచవచ్చును గాని గడువు మధ్య తగ్గింపరాదు. నెలవారీ పద్ధతిలో చేర్చుటకును, తీసివేయుటకును స్వేచ్ఛ గలదు.

వ్యవసాయ సంఘముల పని ఋతువుల ననుసరించి యుండును. వానాకాలపు ధాన్యము వచ్చునపుడును, యాసంగి ధాన్యము వచ్చునపుడును మనుష్యులు ఎక్కువ కావలెను. తక్కిన కాలమున తక్కువ చాలును. పైసంఘమునకు 12 సీట్లు ఏడాదిపొడుగునను, 3 సీట్లు అయిదు నెలలు మాత్రమును కావలెననుకొందము. సాలు ధర నెలకు 500, నెల ధర 600 రూపాయలు.

మొదటి మార్గము: 15 సీట్లును సాలు ఒడంబడికపై. 15 × 500 × 12 = 90,000.

రెండవ మార్గము: 15 సీట్లును నెల ఒడంబడికపై. పండ్రెండింటికి 86,400; మూడింటికి అయిదు నెలలు 9,000; మొత్తము 95,400.

మూడవ మార్గము: 12 సాలుపై, 3 నెలపై. 72,000 + 9,000 = 81,000.

మూడవ మార్గమే మేలు. మొదటిదానికంటె 9,000 రూపాయలు, పన్నుతో కలిపి 10,620 రూపాయలు మిగులును. సూత్రమును గుర్తుంచుకొనవలెను: సాలు ధర మొత్తమును నెల ధరచే భాగించవలెను. ఇచ్చట 6,000 ÷ 600 = 10. పది నెలలకు మించి కావలసిన సీటు సాలుపై తీసికొనవలెను. అంతకు తక్కువ కాలము కావలసినది నెలపై తీసికొనవలెను. అయితే రెండు విధముల ఒడంబడికలను ఒకే సంఘము కలిపి నడుపుటకు విక్రేత యంగీకరించునా యని ముందుగ విచారింపవలెను.

6. సీటు ఖాళీ చేయుట వేఱు, సీటు తగ్గించుట వేఱు

ఈ పాఠమున ముఖ్యమైన సంగతి యిదియే. ఒక గుమాస్తా కొలువు విడిచిపోయెను. కార్యదర్శి అతని ప్రవేశమును నిలిపివేసెను. ఖర్చు తగ్గినదని తలచెను. కాని బిల్లు తగ్గదు. ఏలయన, మైక్రోసాఫ్టు పద్ధతిలో వాడుకరినుండి సీటును తీసివేసినను అది సంఘము కొన్న సీట్ల సంఖ్యలో ఖాళీగ నిలిచియుండును. కొన్న సంఖ్యను వేఱుగ తగ్గించినగాని బిల్లు తగ్గదు. గూగుల్ పద్ధతిలో తాత్కాలికముగ నిలుపుదల చేయబడిన వాడుకరికిని చందా నడచుచునే యుండును.

500 రూపాయల సీటు ఒకటి ఏడాది ఖాళీగ నుండినచో పన్నుతో 7,080 రూపాయలు వ్యర్థము. ఎవరును దొంగిలింపలేదు, ఎవరును తినలేదు. అయినను సభ్యుల ధనము పోయినది.

ధననష్టముకంటె పెద్ద యపాయమును గలదు. కొలువు విడిచిన వానికి ప్రవేశము మిగిలియున్నచో, అతని చేతిలో గిడ్డంగి తాళపుచెవి మిగిలియున్నట్లే. సభ్యుల అప్పుల వివరములు, ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు అతనికి కనబడుచునే యుండును. అతడు మంచివాడే కావచ్చును. అతని ఫోను మఱియొకరి చేతబడవచ్చును. కావున ఉద్యోగి విడిచిన దినముననే ఈ క్రమమును నడుపవలెను:

మొదట రహస్యపదమును మార్చి ప్రవేశమును నిలుపవలెను. రెండవది, అతని ఉత్తరములను, దస్త్రములను తరువాతివాని ఖాతాకు బదలాయింపవలెను. మూడవది, సీటును తరువాతివానికి ఇయ్యవలెను, లేదా ఖాళీ చేయవలెను. నాలుగవది, అక్కఱలేని సీటును కొన్న సంఖ్యనుండి తగ్గింపవలెను; గడువు అడ్డమైనచో పునరుద్ధరణ తేదిని వ్రాసికొని ఆనాటికి ముందే తగ్గింపవలెను.

రెండవ మెట్టును విడిచి ఖాతాను తీసివేయుట ప్రమాదము. తీసివేసిన ఖాతాను మరల తెచ్చుటకు గూగుల్ నందు 20 దినములును, మైక్రోసాఫ్టు నందు 30 దినములును మాత్రమే గడువు గలదు. ఆపైన అందలి దస్త్రములు దొరకవు.

7. ఒక్క సీటును పలువురు పంచుకొనరాదు

ఖర్చు తగ్గించుటకై ఒకే రహస్యపదమును ముగ్గురు వాడు ఆచారము కొన్నియెడల గలదు. ఇది సాధారణముగ ఒడంబడికకు విరుద్ధము. అంతకంటె ముఖ్యమైన దోషము మఱియొకటి గలదు. ఎరువుల నిలువలో పది బస్తాలు తగ్గించి వ్రాసినది ఎవరని ఆడిటరు అడిగినపుడు, ముగ్గురి పేరును ఒక్కటియే యైనచో సమాధానము చెప్పువారెవరు? తప్పు చేయనివానికి తన నిర్దోషిత్వమును నిరూపించుకొను సాధనము పోవును. ఆవర్జాలో పద్దు వ్రాసిన ప్రతివాడును తన చేవ్రాలు చేయుట మన సంఘముల ప్రాత నియమము. సీటు ఆ చేవ్రాలు వంటిది. దానిని పంచుకొని మిగిల్చిన ధనము మిగులు కాదు.

8. యజమాని ఖాతా యెవరిది? చెల్లింపు ఎట్లు?

చందాను మొదట తీసికొన్న ఖాతాకు సర్వాధికారములు నుండును: సీట్లు చేర్చుట, తీసివేయుట, బిల్లు చెల్లించుట, చందాను రద్దుచేయుట. ఇది కార్యదర్శి సొంత ఈ-మెయిలుపై నుండరాదు. సంఘము పేరనే యుండవలెను. ఒకరు లేనపుడు మఱియొకరు చూచుకొనుటకు వీలుగ ఇరువురికి ఆ యధికారమును తీర్మానపూర్వకముగ ఇయ్యవలెను. కార్యదర్శి మారినపుడు నగదు పెట్టె, ముద్ర, దస్త్రములతో పాటు ఈ ఖాతాయు అప్పగింత పట్టికలో చేరవలెను.

చెల్లింపునకు సంఘపు బ్యాంకు కార్డునే వాడవలెను. తనంతట తఱుగు చెల్లింపులపై రిజర్వు బ్యాంకు నియమములు 2021 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చినవి. వాని ప్రకారము ధనము తఱుగుటకు 24 గంటల ముందుగ ఖాతాదారునకు సమాచారము రావలెను. 2022 జూన్‌లో నిర్ణయించిన హద్దు ప్రకారము ఇట్టి చందాలలో 15,000 రూపాయలకు మించినదానికి ప్రతిసారియు ఫోనునకు వచ్చు ఓటీపీతో అనుమతి నియ్యవలెను. ఇందలి ప్రయోజనము గ్రహింపుడు: ఆ సమాచారము ఎవరి ఫోనునకు వచ్చుచున్నది? ఎప్పుడో బదిలీయైన గుమాస్తా ఫోనునకు వచ్చుచున్నచో, హెచ్చరికయు మనకు తెలియదు, పెద్ద బిల్లునకు అనుమతియు లభింపదు. చెల్లింపు నిలిచినచో విక్రేత కొలది దినముల గడువిచ్చి వాడుకను నిలుపును. ఆపైన దస్త్రములను తీసివేయుటయు గలదు. ధాన్యపు కొనుగోలు ముమ్మరముగ నున్న వారమున ఇట్లు జరిగినచో రైతులు బండ్లతో నిలిచిపోవుదురు.

9. పన్ను సంగతి

విక్రేత మన రాష్ట్రమువాడైనచో బిల్లుపై కేంద్ర జీఎస్టీ నూటికి 9, రాష్ట్ర జీఎస్టీ నూటికి 9 యుండును; పర రాష్ట్రమువాడైనచో ఐజీఎస్టీ నూటికి 18 యుండును. జీఎస్టీలో నమోదైన సంఘము తన సంఖ్యను విక్రేతకు ముందే తెలుపవలెను. సంఖ్య లేని బిల్లుపై చెల్లించిన పన్నును జమ పొందుటకు వీలుకాదు. పన్ను వర్తించు ఎరువుల అమ్మకము వంటి వ్యాపారమునకు వాడిన మేరకే ఈ జమ లభించును. అప్పులపై వడ్డీ పన్ను లేనిది గావున ఆ పనికి వాడిన భాగమునకు లభింపదు. విదేశపు సంస్థ నేరుగ బిల్లు పంపినచో, నమోదైన సంఘమే ఆ పన్నును ప్రభుత్వమునకు కట్టవలసియుండును. బిల్లుపై పన్ను లేదని సంతోషించి ఊరకుండినచో పిదప వడ్డీతో కట్టవలసివచ్చును.

10. సంఘములు చేయవలసినది

ఒక సీట్ల పుస్తకమును పెట్టుడు. అందు ఉద్యోగి పేరు, పని, చందా శ్రేణి, సీటిచ్చిన తేది, తిరిగి తీసికొన్న తేది, తీర్మానపు సంఖ్య యను గడులుండిన చాలును. ప్రతి నెలయు బిల్లులోని సంఖ్యను ఈ పుస్తకముతో సరిచూచి, సరియైనదని ఒకరు చేవ్రాలు చేయవలెను. మూడు నెలలకొకసారి, ముప్పది దినములుగ ఎవరును ప్రవేశింపని సీట్ల జాబితాను పంచాయతుదారుల యెదుట నుంచవలెను. పునరుద్ధరణకు నెలముందు సీట్ల సంఖ్యను గూర్చి తీర్మానము చేయవలెను. తీర్మానము లేక తనంతట సాగు పునరుద్ధరణమునకు తావీయరాదు.

అభ్యాసము

(1) ఒక సంఘమునకు సీటు 450 రూపాయల చొప్పున 8 సీట్లు గలవు. 30 దినముల నెలలో 21వ తేదీని 2 సీట్లు చేర్చిరి. చేర్పును తరువాతి ముందస్తు బిల్లులో కలిపినచో ఆ బిల్లెంత? (2) సాలు ధర నెలకు 440, నెల ధర 550 రూపాయలు. తొమ్మిది నెలలు కావలసిన సీటును ఏ విధమున తీసికొనవలెను? (3) బిల్లులో 14 సీట్లు, పుస్తకమున 11 పేరులు గలవు. మొదట చూడవలసినదేమి?

ఉత్తరములు: (1) పది దినములకు చేర్పు 300, పది సీట్లకు 4,500, జీఎస్టీ 864, వెరసి 5,664 రూపాయలు. (2) నెలపై 4,950, సాలుపై 5,280, కావున నెలపై. పది నెలలైనచో సాలుపై. (3) ఆ మూడు సీట్లు ఎవరి పేరనైనను నడచుచున్నవా, ఖాళీగ నున్నవా యని మొదట చూడవలెను. నడచుచున్నచో ప్రవేశమును అప్పుడే నిలుపవలెను. పిమ్మట తగ్గింపునకు గడువు విచారింపవలెను.

తూనికరాతిని పరీక్షించుట యెఱిగిన మన కర్షకులకు ఈ లెక్క కష్టము కాదు. రాబోవు సమావేశమున సభ్యులు తమ సంఘమునకు సీట్లెన్ని, వాడువారెందఱు అని అడుగుదురుగాక. కార్యదర్శులు పుస్తకము తెఱచి చూపుదురుగాక.